ముఖానికీ ఒక హక్కు ఉంది

మనిషి తన చేతులు చూసుకోగలడు, కాళ్లు చూసుకోగలడు. కాని తన ముఖాన్ని తాను నేరుగా చూసుకోలేడు. అద్దమో, నిలకడగా ఉన్న నీరో, ఎదుటివారి మాటో ఉంటే తప్ప మన రూపం మనకు తెలియదు. నేడు ఆ అద్దం స్థానాన్ని చేతిలోని ఫోను ఆక్రమించింది. అద్దం ఉన్నది ఉన్నట్లు చూపుతుంది. ఫోను మాత్రం దిద్ది చూపుతుంది. కళ్లు కాస్త పెద్దవవుతాయి. ముక్కు సన్నబడుతుంది. మచ్చలు, ముడతలు మాయమవుతాయి. చామనఛాయ ముఖం తెల్లబడుతుంది. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు పడింది. 2022 చివరలో ‘లెన్సా’ అనే యాప్, మన ఫోటోలు ఇస్తే రాకుమారులు, రాకుమార్తెల మాదిరి చిత్రపటాలు గీసి ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 మార్చిలో చాట్‌జీపీటీ ద్వారా జపాన్ ‘జిబ్లీ’ కార్టూన్ల తరహాలో తమ కుటుంబ ఫోటోలను బొమ్మలుగా మార్చుకున్నవారు మన దేశంలోనూ అసంఖ్యాకంగా ఉన్నారు. వీటన్నిటికీ దక్కే మెప్పు ఒక్కటే: “ఎంత క్యూట్‌గా ఉందో!”

మన యువతీయువకులు దీని గురించి ఒక ప్రశ్న అడుగుతున్నారు. ‘అందాన్ని అల్లాహ్ ఇష్టపడతాడని మీరే చెబుతారు. సుర్మా పెట్టుకోవడం, అత్తరు పూసుకోవడం సున్నత్ అంటారు. మరి ఫోటోలో ముఖాన్ని కాస్త బాగు చేసుకుంటే తప్పేమిటి? దానివల్ల ఎవరికి నష్టం?’ ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. కసిరి నోరు మూయించడం దీనికి సమాధానమూ కాదు. కాబట్టి కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

అందం నేరం కాదు

ఇస్లాం అందానికి శత్రువు కాదు. హృదయంలో రవ్వంత అహంకారం ఉన్నవాడు స్వర్గంలో ప్రవేశించలేడని దైవప్రవక్త (సఅసం) ఒకసారి హెచ్చరించారు. అప్పుడు ఒక వ్యక్తి, తన దుస్తులు బాగుండాలని, చెప్పులు బాగుండాలని మనిషి కోరుకుంటాడు కదా అని తన సందేహం వెలిబుచ్చాడు. అల్లాహ్ సౌందర్యవంతుడని, ఆయన సౌందర్యాన్ని ఇష్టపడతాడని ప్రవక్త (సఅసం) బదులిచ్చారు. సత్యాన్ని త్రోసిపుచ్చడం, జనాన్ని చులకనగా చూడటం, ఇదే అహంకారమని వివరించారు. (ముస్లిం)

చింపిరి జుట్టుతో కనిపించిన ఒక వ్యక్తిని చూసి, జుట్టు సర్దుకోవడానికి ఇతనికి ఏమీ దొరకలేదా అని ఆయన అడిగినట్లు అబూదావూద్ గ్రంథంలో ఉంది. అంటే శుభ్రంగా, చక్కగా కనిపించడం ధర్మంలో భాగమే.

అయితే పై హదీసులోని రెండో సగాన్ని మనం తరచూ మరచిపోతాం. అందంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. తప్పు మనుషుల్ని చులకన చేయడంలో ఉంది. ఎదుటివారి ముఖాన్ని చూసి పెదవి విరవడం ఎలా తప్పో, తన ముఖాన్ని చూసుకుని ‘ఇది పనికిరాదు’ అని అసహ్యించుకోవడం కూడా ఆ కోవలోకే వస్తుందని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే రెండు ముఖాలనూ తీర్చిదిద్దినవాడు ఒక్కడే. మాతృగర్భాలలో తాను కోరిన విధంగా మీ రూపాలను మలిచేది తానేనని ఆయన సూరా ఆలి ఇమ్రాన్‌లో (3:6) తెలియజేశాడు.

‘క్యూట్’ అంటే ఏమిటి?

ముందు ఈ మాట సంగతి చూద్దాం. ‘క్యూట్’ అన్నదానికి తెలుగులో ‘ముద్దొస్తోంది’ అంటాం. ఉర్దూలో ‘ప్యారా’ అంటాం, ‘మాసూమ్’ అంటాం. ఈ మాటలు మన నోట ఎక్కువగా వచ్చేది పసిపిల్లల విషయంలోనే. ‘మాసూమ్’ అంటే పాపం అంటనివాడు అని అర్థం. అది ముక్కుకో, చెంపకో పెట్టిన పేరు కాదు, ఒక స్థితికి పెట్టిన పేరు.

ఆస్ట్రియాకు చెందిన జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లో ఈ విషయంపై ఒక ముఖ్యమైన పరిశీలన ప్రకటించాడు. పెద్ద తల, ఎత్తైన నుదురు, పెద్ద కళ్లు, బూరె బుగ్గలు, చిన్న ముక్కు, చిన్న గడ్డం... ఈ లక్షణాలు కనబడగానే పెద్దవారి మనసులో దగ్గరకు తీసుకోవాలనే, కాపాడాలనే భావన కలుగుతుందని అతను చెప్పాడు. కుక్కపిల్లను, పిచ్చుక పిల్లను చూసినా మనసు కరిగేది ఇందుకేనట.

విశ్వాసికి ఇందులో ఆశ్చర్యపడేది ఏమీ లేదు. నోరు లేని, నడవలేని పసిబిడ్డను పెంచవలసింది పెద్దలే. కనుక కరుణామయుడైన ప్రభువు పసి ముఖంలో ఒక ఆకర్షణ పెట్టాడు, పెద్దల హృదయాలలో దయ పెట్టాడు. దైవప్రవక్త (సఅసం) తన మనుమడు హజ్రత్ హసన్ (రజి)ను ముద్దాడుతుండగా చూసి అఖ్రా బిన్ హాబిస్ అనే నాయకుడు, తనకు పదిమంది సంతానమని, వారిలో ఒక్కరినీ ఎన్నడూ ముద్దాడలేదని చెప్పాడు. దయ చూపనివాడిపై దయ చూపబడదని ప్రవక్త (సఅసం) అన్నారు. (బుఖారీ, ముస్లిం)

ఇప్పుడు ఫోను చేసే పని గమనించండి. జపాన్‌లో 1995లో ‘పురికురా’ అనే ఫోటో స్టిక్కర్ యంత్రాలు వచ్చాయి. విద్యార్థినులు గుంపులుగా వెళ్లి వాటిలో ఫోటోలు దిగేవారు. కాలక్రమంలో ఆ యంత్రాలే కళ్లను పెద్దవి చేయడం, చర్మాన్ని తెల్లగా, నున్నగా చేయడం నేర్చుకున్నాయి. 2008లో చైనాలో ప్రారంభమైన ‘మేయిటూ’ కంపెనీ ఈ పనిని సామాన్యుల చేతికి అందించింది. 2015లో ‘స్నాప్‌చాట్’, కెమెరా ముందు కదులుతున్న ముఖాన్నే అప్పటికప్పుడు మార్చే ఫిల్టర్లు తెచ్చింది. ఈ మార్పులలో చాలావాటిని వరుసగా పేర్చి చూడండి: పెద్ద కళ్లు, చిన్న ముక్కు, చిన్న గడ్డం, ముడత లేని చర్మం. లోరెంజ్ చెప్పిన పసిపాప లక్షణాలే! పాతికేళ్ల యువతి ముఖం మీద, యాభై ఏళ్ల పెద్దమనిషి ముఖం మీద ఫోను ఒక పసిపాప ముఖాన్ని అతికిస్తోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పిన్నలపై దయ చూపనివారు, పెద్దలను గౌరవించనివారు తమలోని వారు కారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి (తిర్మిజీ) మనకు తెలుసు. అంటే పసి ముఖానికి ఒక హక్కు ఉంది, అది దయ. ముదిమి ముఖానికి ఒక హక్కు ఉంది, అది గౌరవం. ఇస్లాంలో ఉండగా వచ్చిన తెల్ల వెంట్రుక ప్రళయదినాన కాంతి అవుతుందని కూడా ఆయన శుభవార్త ఇచ్చారు (తిర్మిజీ). దాదీమా ముఖంలోని ప్రతి ముడతా ఒక లెక్క చెబుతుంది. ఎన్ని ఫజ్ర్ నమాజులు, ఎన్ని రమజానులు, ఎన్ని ప్రసవాలు, ఎన్ని రాత్రుల జాగరణలు! ఆ ముడతలన్నీ తుడిచేసి, బొమ్మ కళ్లు పెట్టి, ‘దాదీమా ఎంత క్యూట్‌గా ఉందో’ అని పిల్లలు చప్పట్లు కొడితే నవ్వుగానే ఉంటుంది. కాని వారికి తెలియకుండానే ఒక పాఠం వారి మనసులోకి వెళ్లింది. ముద్దొచ్చే ముఖమే చూడదగిన ముఖం, వయసు అంటే చెరిపేయవలసిన మరక అని. గౌరవించవలసిన ముఖాన్ని ముద్దు చేయడమంటే దాని హక్కును తగ్గించి ఇవ్వడమే.

రంగు విషయంలో జరుగుతున్నది

ఫిల్టర్ చేసే మరో పని రంగును తెల్లబరచడం. 2017లో ‘ఫేస్‌యాప్’ అనే యాప్‌లో ముఖాన్ని ఆకర్షణీయం చేసే ఫిల్టర్ నల్లని చర్మాన్ని తెల్లగా మారుస్తోందని విమర్శలు చెలరేగాయి. యంత్రానికి నేర్పడానికి వాడిన ఫోటోలలోనే పక్షపాతం ఉందని ఒప్పుకుని ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది. యంత్రానికి సొంతంగా జాతి గర్వం ఉండదు. మనుషులు దేన్ని అందమని నేర్పితే అది దాన్నే తిరిగి చూపుతుంది.

మన దేశంలో ఈ జబ్బుకు యంత్రం అవసరం లేకపోయింది. 1975 నుంచి తెల్లదనం పేరు పెట్టుకునే అమ్మిన ‘ఫెయిర్ అండ్ లవ్‌లీ’ క్రీము 2020లో గాని ఆ పేరు మార్చుకోలేదు. పెళ్లి సంబంధాల వెబ్‌సైటు ‘షాదీ.కామ్’ వధూవరులను చర్మం రంగును బట్టి వెతికే సౌకర్యాన్ని తొలగించింది కూడా ఆ ఏడాదే. పేరు మారింది, మీట తొలగింది. మన ఇళ్లలో ‘గోరీ లడ్కీ చాహియే’ అనే మాట తొలగిందా? భాషలలోను, రంగులలోను ఉన్న వైవిధ్యం తన సూచనలలో ఒకటని అల్లాహ్ సూరా రూమ్‌లో (30:22) తెలియజేశాడు. నల్లవారిపై తెల్లవారికి ఎలాంటి ఆధిక్యం లేదని దైవప్రవక్త (సఅసం) చివరి హజ్ సందర్భంగా ప్రకటించారు. ఆ మాటను జుమా ప్రసంగాలలో విని తలలూపేవారు సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు దాన్ని గుమ్మం బయటే వదిలేస్తున్నారు.

అలంకారం వేరు, మారువేషం వేరు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. సుర్మా పెట్టుకుంటే తప్పు లేనప్పుడు ఫోటోలో కళ్లు దిద్దితే తప్పేమిటి? ధర్మశాస్త్రంలో దీనికి దారి చూపే ఉదంతాలు ఉన్నాయి.

మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫా (రజి)ను ప్రవక్త (సఅసం) సన్నిధికి తీసుకువచ్చారు. ఆయన తల, గడ్డం పూర్తిగా నెరసిపోయి ఉన్నాయి. ఆ తెలుపును మార్చమని, అయితే నలుపు రంగు వేయవద్దని ప్రవక్త (సఅసం) సూచించారు. (ముస్లిం) గోరింటాకు పెట్టుకున్న ముసలాయన అలంకరించుకున్న ముసలాయనే. జుట్టుకు నల్లరంగు పూసుకుంటే చూసేవారు యువకుడని భ్రమపడవచ్చు. నలుపును వారించడంలోని మర్మం ఇదేనని పలువురు ఉలమా వివరించారు.

మరో ఉదంతం మన తల్లుల మనసుకు దగ్గరగా ఉంటుంది. హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఒక తల్లి వచ్చి తన కూతురికి పెళ్లి నిశ్చయమైందని, పొంగు జబ్బు వల్ల ఆమె జుట్టు రాలిపోయిందని, సవరం కలిపి కట్టవచ్చా అని అడిగింది. ఎంతో దయామయులైన ప్రవక్త (సఅసం) ఈ విషయంలో మాత్రం అనుమతి ఇవ్వలేదు, గట్టిగా నిషేధించారు. (బుఖారీ, ముస్లిం) మరోవైపు యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి)కు బంగారు ముక్కు పెట్టుకోమని ఆయనే చెప్పారు. (తిర్మిజీ) అంటే గాయాన్ని బాగుచేసుకోవడం వేరు, లేనిదాన్ని ఉన్నట్లు చూపడం వేరు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ హదీసులు శరీరం గురించినవి. ఫోటోను దిద్దితే శరీరం మారదు. కనుక ఆ ఆదేశాలను యథాతథంగా ఫోటోకు అన్వయించలేం. కాని వాటి వెనుక ఉన్న రెండు కారణాలు, అనగా మోసం, దైవసృష్టి పట్ల అసంతృప్తి, ఫోటోలోనూ ప్రవేశించగలవు. అవి ప్రవేశించిన చోట ఆ పని తేలికైన విషయం కాదు.

ఫోటో గురించి ఉలమాలో భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే. మన ఉపఖండంలోని ఉలమాలో చాలామంది దాన్ని చిత్రలేఖనంతో సమానంగా పరిగణించి వారించారు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ (మరణం 1935) వంటివారు అనుమతించారు. ఫోటోలో మనిషి కొత్తగా దేన్నీ సృష్టించడు, అద్దంలో పడినట్లు పడిన నీడను పట్టి నిలుపుతాడు, అంతే అన్నది అనుమతించినవారి వాదన. ఆ వాదనను మనం ఒప్పుకున్నా, ఇక్కడ ఆగి ఆలోచించాలి. కన్ను పెంచి, ముక్కు తగ్గించి, ఎముకల తీరు మార్చిన తరువాత అది ఇంకా అద్దంలోని నీడేనా? నీడ అన్న కారణంతో దొరికిన వెసులుబాటు, నీడ కానిదానికి ఎలా వర్తిస్తుంది?

పెళ్లి ఫోటో

ఈ వ్యవహారం బాగా బరువెక్కేది నికాహ్ విషయంలో. ఇప్పుడు సంబంధాలు బయోడేటాతో, వాట్సాప్ ఫోటోతో మొదలవుతున్నాయి. ఆ ఫోటోను నమ్మి రెండు కుటుంబాలు నిర్ణయాలు తీసుకుంటాయి. నమ్మకం మీద నడిచే చోట దిద్దిన ముఖం పెట్టడం వినోదం కాదు, అబద్ధపు సాక్ష్యం లాంటిది. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, అడుగున తడి ఉందని గ్రహించి, మోసగించేవాడు తనవాడు కాడని ప్రవక్త (సఅసం) అన్నారు. (ముస్లిం) పాలు పితకకుండా నిలిపి పొదుగు నిండుగా కనిపించేలా చేసి పశువును అమ్మడాన్ని కూడా ఆయన నిషేధించారు. (బుఖారీ, ముస్లిం) మనిషిని సరుకుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. సంతలో పనికిరాని మోసం, అల్లాహ్ పేరు మీద జరిగే జీవితకాలపు ఒప్పందంలో ఎలా పనికొస్తుంది అన్నదే ప్రశ్న.

అన్సార్ స్త్రీని పెళ్లాడబోతున్న ఒక వ్యక్తితో, వెళ్లి ఆమెను చూసుకో, అన్సార్ల కళ్లలో ఏదో ఉంటుంది అని ప్రవక్త (సఅసం) చెప్పారు. (ముస్లిం) షరీఅత్ చూపిన మార్గం ఎంత తిన్నగా ఉందో చూడండి. హద్దుల్లో ఉండి నేరుగా చూసుకోండి, ఉన్నది ఉన్నట్లు చూసుకోండి, ఆపై నిర్ణయించుకోండి.

అయితే తప్పంతా ఆడపిల్లవారిదే అనడం అన్యాయం. ఆ తల్లి ఫోటోను ఎందుకు దిద్దిస్తోంది? అసలు ఫోటో పంపిన మూడు చోట్ల నుంచీ జవాబు రాలేదు కాబట్టి. దీను, గుణం, చదువు అన్నీ బాగున్నాయని ఒప్పుకుంటూనే ‘రంగు కాస్త...’ అని నసిగే మగపిల్లవాడి తల్లి, పిన్ని, అక్క ఈ అబద్ధానికి పెట్టుబడి పెడుతున్నారు. చివరికి నష్టపోయేది ఆ అమ్మాయి. చూడవచ్చినవారు ఒకసారి ఫోను వంక, ఒకసారి ఆమె వంక చూస్తారు. తన ఫోటోతోనే పోటీపడి ఆమె ఓడిపోతుంది. ఇంతకంటే అవమానం ఏముంటుంది? అబద్ధం చెప్పినవారు దోషులే. నిజం చెప్పడాన్ని అసాధ్యం చేసినవారు కూడా అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాలి.

పిల్లల మనసుల్లో ఏం జరుగుతోంది?

2018లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు కొందరు ఒక వైద్య పత్రికలో హెచ్చరిక లాంటి వ్యాసం రాశారు. పూర్వం అందం కోసం శస్త్రచికిత్స కోరేవారు సినీతారల ఫోటోలు తెచ్చేవారని, ఇప్పుడు ఫిల్టర్ పెట్టిన తమ సొంత ఫోటోనే తెచ్చి ఇలా మార్చమని అడుగుతున్నారని అందులో పేర్కొన్నారు. నార్వే ప్రభుత్వం 2022 జూలై నుంచి, ప్రకటనలలో శరీరపు ఆకృతిని, చర్మాన్ని దిద్దిన ఫోటోలు వాడితే ఆ సంగతి ఫోటోపైనే తెలపాలని చట్టాన్ని అమలులోకి తెచ్చింది. అల్లాహ్ భయం గురించి మాట్లాడని ప్రభుత్వాలు సైతం ఇందులో హాని ఉందని గుర్తించాయి.

మన ఇంట్లో ఇది చాలా చిన్నగా మొదలవుతుంది. మూడేళ్ల పాపను ఫోటో తీస్తూ తల్లి ఫిల్టర్ పెడుతుంది. పాప చూస్తుంది, నవ్వుతుంది. పదేళ్లు వచ్చేసరికి ఫిల్టర్ లేకుండా ఫోటో దిగనంటుంది. పదిహేనేళ్లకు అద్దం ముందు ఏడుస్తుంది. తన ముఖం అసలుదని, ఫోనులోనిది నకలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నకలునే అసలనుకుని, అసలును చిత్తుప్రతి అనుకుంటోంది.

ఈ సందర్భంలో జాహిర్ (రజి) అనే ఎడారివాసి సహాబీని గుర్తుచేసుకోవాలి. ఆయన రూపసి కాదు. ఒకనాడు బజారులో సరుకు అమ్ముకుంటుండగా ప్రవక్త (సఅసం) వెనుక నుంచి వచ్చి ఆయన్ను కౌగిలించుకున్నారు. ఈ దాసుణ్ణి ఎవరు కొంటారని సరదాగా అడిగారు. తనకు ధర పలకదని జాహిర్ (రజి) అన్నారు. అల్లాహ్ వద్ద నీకు చాలా విలువ ఉందని ప్రవక్త (సఅసం) బదులిచ్చారు. (షమాయిలె తిర్మిజీ) రూపం గురించి కుంగిపోయినవారికి ‘నువ్వు అందంగానే ఉన్నావు’ అని ఆయన అబద్ధం చెప్పలేదు. విలువను ముఖం మీద నుంచి తీసి సరైన చోట పెట్టారు. మన పిల్లలకు మనం చెప్పవలసినది కూడా ఇదే.

ఏం చేద్దాం?

ఆచరణలో ప్రతి ఒక్కరూ తమను తాము మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఒకటి, ఈ ఫోటోను ఎవరైనా నమ్మి నిర్ణయం తీసుకుంటారా? పెళ్లి సంబంధం అయినా, ఉద్యోగం అయినా అలాంటి చోట దిద్దిన ముఖం పెట్టకూడదు. రెండు, దీన్ని చూశాక నా అసలు ముఖం మీద నాకు అయిష్టం పెరుగుతోందా? పెరుగుతుంటే అది కృతఘ్నతకు తలుపు, దాన్ని మూసేయాలి. మూడు, ఇది ఎవరినైనా చులకన చేస్తోందా? ఒకరి వయసునో, రంగునో, అవయవ లోపాన్నో నవ్వులాటకు బొమ్మగా మలచడం సూరా హుజురాత్‌లో (49:11) నిషేధించబడిన పరిహాసమే. వీటితోపాటు, మన స్త్రీల చిత్రాలు పరాయివారి చేతుల్లోకి వెళ్లకుండా చూసుకోవాలన్నది వేరే చెప్పనక్కరలేదు.

అద్దం చూసుకునేటప్పుడు చేసుకునే దుఆ మన పెద్దలు మనకు నేర్పారు. ప్రభూ, నా రూపాన్ని చక్కగా మలిచినట్లే నా నడవడికను కూడా చక్కదిద్దు అన్నది దాని భావం. ఇందులో రూపాన్ని మార్చమనే వేడుకోలు లేదు. రూపానికి కృతజ్ఞత ఉంది, దిద్దవలసింది ఇంకొకటి ఉందన్న ఎరుక ఉంది. రేపు ప్రభువు సన్నిధిలో మనం నిలబడేది ఈ ముఖంతోనే. ఆయన చూసేది మన రూపాలను కాదని, హృదయాలను, కర్మలను అని దైవప్రవక్త (సఅసం) మనకు ముందే తెలియజేశారు. (ముస్లిం) ఈ రాత్రి మీ పాప నిద్రపోయే ముందు ఒక్కసారి ఆ దుఆను ఆమెకు నేర్పండి. ఫోను పక్కన పెట్టి, అద్దం ముందు నిలబెట్టి నేర్పండి.

సర్వోన్నతుడైన అల్లాహ్ మన చూపులకు సత్యాన్ని, మన హృదయాలకు కృతజ్ఞతను ప్రసాదించుగాక! ఆమీన్.